ఒబామా దిగిపోతున్నాడు: రిజిస్టరైనవెన్ని, సాదాబైనామాలెన్ని?

ప్రశ్న: ఇంకో అయిదు రోజుల్లో, 2017 జనవరి 20న ఒబామా పదవి దిగిపోతున్నారు. మా ఆఫీసులో సగం మంది ఆయన్ని దేవుడంటారు, సగం మంది దేశాన్ని ముంచేశాడంటారు. వచ్చే ఏడాది నాకు సిటిజన్‌షిప్ వస్తుంది. ఏ పార్టీలోనూ లేని ఓటరుగా మీరైతే ఆయన ఎనిమిదేళ్ళకీ నూటికి ఎన్ని మార్కులు వేస్తారు?

జవాబు:

మార్కులు వెయ్యడం నాకు చేతకాదు గానీ, నేను లెక్క చూసుకునే పద్ధతి ఒకటుంది, అది చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. ఉండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. ఇక్కడికొచ్చి పందొమ్మిదేళ్ళు. సిటిజన్ అయింది 2008 వేసవిలో, మొదటి ఓటు ఆ నవంబరులోనే. ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఇక్కడ పార్టీ పేరు అడుగుతారు. నేను ‘అనఫిలియేటెడ్’ దగ్గర టిక్కు పెట్టాను. మా రాష్ట్రంలో నూటికి ముప్ఫై మంది దాకా ఈ బాపతే. పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక రోజున వెళ్ళి రెండు పార్టీల్లో ఎవరి బ్యాలెట్టు కావాలంటే వాళ్ళది అడిగి పుచ్చుకోవచ్చు. మా బావమరిది దీన్ని ‘రెండు పెళ్ళిళ్ళలో భోజనం’ అంటాడు. అననీ.

2008లో ఒబామాకి వేశాను. అప్పుడు మా రాష్ట్రం ఆయనకి దక్కింది 14 వేల ఓట్ల తేడాతో. అందులో నాదొకటని కొన్నాళ్ళు తెగ చెప్పుకు తిరిగాను. 2012లో రిపబ్లికన్ రోమ్నీకి వేశాను, రాష్ట్రమూ అటే తిరిగింది. మొన్న నవంబరులో ఎవరికి వేశానన్నది నాకూ బ్యాలెట్టుకూ మధ్యే ఉండనివ్వండి. ఒకసారి వేసి, ఒకసారి మానేసినవాణ్ణి. నా మాటకి ఆ మేరకే విలువ కట్టండి.

మా నాన్న సూర్యాపేటలో దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట వేపచెట్టు కింద ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె. ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా పోతే జనం ఆయన చేసిన దానధర్మాలు చెప్పుకునేవాళ్ళు. నాన్న మాత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ‘ఏమేం రిజిస్టరు చేయించాడో, ఏమేం సాదా కాగితం మీద వదిలేసి పోయాడో’ అనేవాడు. తెలంగాణ వాళ్ళకి సాదాబైనామా గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను: తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం అది. డబ్బు ముడుతుంది, పొలం చేతులు మారుతుంది, కొన్నవాడు పాతికేళ్ళు దున్నుకుంటాడు కూడా. అమ్మినాయన బతికున్నంతకాలం ఏ పేచీ ఉండదు. ఆయన పోయాక కొడుకు గట్టు మీదికొచ్చి నిలబడి ‘ఏదీ పట్టా?’ అంటాడు. పోయినేడాది తెలంగాణ ప్రభుత్వం వీటిని క్రమబద్ధం చేస్తామనేసరికి లక్షల్లో దరఖాస్తులు పడ్డాయంటే ఎంతమంది ఆ కాగితాల మీద బతుకుతున్నారో చూడండి.

ఈ ఎనిమిదేళ్ళనీ నేను నాన్న బల్ల దగ్గర కూర్చునే చూస్తున్నాను: చట్టాలైనవి ఒక కట్ట, ఉత్తి ఆర్డర్ల మీద నడిచినవి ఇంకో కట్ట.

ఆయన వచ్చిన రోజులు మీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి మీరు ఇంజనీరింగు చదువుతూ ఉంటారు. 2009 జనవరిలో దేశంలో నిరుద్యోగం 7.8 శాతం, అక్టోబరుకి 10 శాతం. మా రాష్ట్రంలో ఆ తర్వాత 11 కూడా దాటింది. నన్ను 2009 ఫిబ్రవరిలో తీసేశారు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో టెలికం కంపెనీ, పేరెందుకు. పదింటికి మీటింగు, పదకొండింటికి చేతిలో అట్టపెట్టె. ఇంటికొచ్చాక మొదటి దిగులు జీతం గురించి కాదు. మా ఆవిడకి థైరాయిడ్ క్యాన్సరని అంతకు ముందు నెలే తేలింది. ఈ దేశంలో ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్సూ పోతుంది. పాత కంపెనీ ప్లానునే పూర్తి ప్రీమియం మనమే కట్టి కొనసాగించుకునే వీలొకటి ఉంది, దాన్ని కోబ్రా అంటారు. పేరుకు తగ్గట్టే ఉంటుంది కాటు. మాకు నెలకి వెయ్యి డాలర్ల పైన చెప్పారు.

సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే ఒబామా, కుదేలైన ఆర్థిక వ్యవస్థని లేపడానికి తెచ్చిన స్టిములస్ చట్టం మీద సంతకం పెట్టాడు. 78,700 కోట్ల డాలర్లు. టీవీల్లో రోడ్లు, వంతెనలు అని గోల. అందులో ఒక మూల చిన్న క్లాజు: ఉద్యోగం ఊడినవాళ్ళ కోబ్రా ప్రీమియంలో 65 శాతం ప్రభుత్వం భరిస్తుంది. మొదట తొమ్మిది నెలలన్నారు, తర్వాత పదిహేను నెలలకి పొడిగించారు. నేను 35 శాతం కట్టాను. ఆపరేషన్ అయింది, మందులు నడిచాయి. ఆ డబ్బు చాలలేదని కొందరు ఆర్థికవేత్తలు, తగలేశారని కొందరు, ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ చట్టం అంటే ఆ క్లాజే.

న్యాయంగా చెప్పాలంటే మొదటి బకెట్టు నీళ్ళు పోసింది బుష్. బ్యాంకుల కోసం 70,000 కోట్ల డాలర్ల చట్టం 2008 అక్టోబరులో ఆయన సంతకం పెట్టిందే, కార్ల కంపెనీలకి మొదటి అప్పు ఆ డిసెంబరులో ఆయన ఇచ్చిందే. ఒబామా ఆ పని మధ్యలో వదల్లేదు. జీఎం 2009 జూన్ 1న దివాలా కోర్టు గడప తొక్కి నలభై రోజుల్లో బయటికొచ్చింది. డెట్రాయిటును వదిలెయ్యమన్నవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్న రోజులవి. పోయిన నెల నిరుద్యోగం 4.7 శాతం. ఎనిమిది వేల లోపున్న స్టాక్ మార్కెట్ సూచీ డౌ ఇప్పుడు ఇరవై వేల అంచున ఉంది. బార్బర్ షాపులో ఎవరైనా ‘ఏం చేశాడు’ అంటే ఈ అంకెలు చెప్పి ఊరుకుంటాను.

అప్పు కూడా చెప్పాలి మరి. ఆయన వచ్చిన రోజున దేశం అప్పు 10.6 లక్షల కోట్ల డాలర్లు, ఇవాళ దాదాపు 20 లక్షల కోట్లు. ఏటా పడే లోటు మొదటి ఏడాది 1.4 లక్షల కోట్లుంటే పోయినేడాదికి అందులో సగం కూడా లేదు, నిజమే. కానీ అసలు పెరుగుతూనే ఉంది. అప్పులో ఎంత మాంద్యం వల్ల, ఎంత యుద్ధాల వల్ల, ఎంత పాత పన్ను రాయితీల వల్ల అని ఎవరి పట్టిక వాళ్ళ దగ్గరుంది. నోటు రాసిచ్చినవాడు కారణాలు చెబితే వడ్డీ ఆగదు.

2012లో నేను జారిపోయింది మాత్రం అప్పు వల్ల కాదు. మా వీధి చివర ఒకాయన ట్రక్కులు బాగుచేసేవాడు, పని తగ్గి ఇంటి వాయిదాలు కట్టలేకపోయాడు. అలాంటివాళ్ళ అప్పు నిబంధనలు సడలించడానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది, 30 నుంచి 40 లక్షల కుటుంబాలకి మేలు జరుగుతుందని చెప్పింది. ఈయన మూడుసార్లు దరఖాస్తు పెట్టాడు. మూడుసార్లూ బ్యాంకు వాళ్ళు కాగితాలు అందలేదన్నారు. ఫ్యాక్స్ రసీదులు నా వంటింటి బల్ల మీద పరిచి చూపించాడు పాపం. 2011లో ఇల్లు వేలానికెళ్ళింది. ఆ పథకం దేశం మొత్తం మీద చెప్పినదాంట్లో సగానికి అటూ ఇటూగా ఆగిపోయింది. ఆ ఇళ్ళ అప్పుల మీద జూదమాడి మార్కెట్టును కూల్చిన పెద్ద బ్యాంకుల అధిపతుల్లో ఒక్కడూ జైలుకెళ్ళలేదు. బ్యాంకులకి కళ్ళెం వేసే డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చింది, వినియోగదారుల కోసం ఒక బ్యూరో వచ్చింది, రెండూ రిజిస్టరైన పనులే, మంచివే. నా పొరుగువాడికి మాత్రం అవి ఆలస్యం. ఆ కోపంతో రోమ్నీకి వేశాను. ‘బ్యాంకుల మీద కోపమొచ్చి ప్రైవేట్ ఈక్విటీ వ్యాపారం చేసినాయనకి వేసిన మహానుభావుడివి’ అని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. జవాబు దొరకలేదు.

ఇక ఆరోగ్య బీమా చట్టం. అందరూ ఒబామాకేర్ అంటారు, ఆయన కూడా చివరికి ఆ పేరే ఒప్పుకున్నాడు. ఆయన మిగిల్చినవాటిలో ఇదే పెద్దది, నేను లోపలి నుంచి చూసింది కూడా ఇదే.

2010లో కోబ్రా గడువు అయిపోయేసరికి నేను సొంతంగా కాంట్రాక్టు పని మొదలుపెట్టాను. ఇన్సూరెన్సు బయట కొనుక్కోవాలి. నాకూ పిల్లలకూ చవగ్గానే దొరికింది. మా ఆవిడ ఫారంలో క్యాన్సర్ అన్న మాట చూసి రెండు కంపెనీలు వద్దన్నాయి. ఎవరికీ అక్కర్లేనివాళ్ళ కోసం రాష్ట్రానికి ‘హై రిస్క్ పూల్’ అని ఒకటుండేది, ఆవిడ అందులో చేరింది. మామూలు కంటే బాగా ఎక్కువ ప్రీమియం, డిడక్టిబుల్, అంటే బీమా మొదలయ్యేలోపు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, వేరు. ఒకే ఇంట్లో రెండు కులాల్లాగా రెండు ఇన్సూరెన్సు కార్డులు.

చట్టం మీద సంతకం 2010 మార్చి 23న. దిగువ సభలో 219కి 212. రిపబ్లికన్ల ఓటు ఒక్కటీ లేదు. నాన్నకి ఫోన్లో చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు: ‘వాటాదార్లలో సగంమంది సంతకం పెట్టని దస్తావేజు. రిజిస్టరైతే అయింది గానీ కోర్టులు తప్పవు.’ తప్పలేదు. 2012 జూన్‌లో సుప్రీంకోర్టులో 5-4తో గట్టెక్కింది, 2015లో 6-3తో మళ్ళీ గట్టెక్కింది. 2012 తీర్పులోనే ఒక మెలిక ఉంది. పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌ను పెంచాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. మా రాష్ట్రం వద్దంది. దాంతో ఇక్కడ లక్షల మంది పేదలు రెంటికీ చెడ్డ రేవడిలా ఉండిపోయారు: మెడికెయిడ్‌కి అర్హత లేదు, సబ్సిడీ అందుకోవడానికి ఆదాయం చాలదు.

2013 అక్టోబరు 1న వెబ్‌సైటు తెరిచారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళమంతా తలదించుకోవాల్సిన రోజు. మొదటి రోజు దేశం మొత్తానికి నమోదైంది ఆరుగురు. యాభై పైచిలుకు కాంట్రాక్టర్లు, మొత్తాన్నీ కలిపి పరీక్షించింది ఆఖరి రెండు వారాల్లో. మనలో ఎంతమంది ఇలాంటి ప్రాజెక్టులు చూళ్ళేదు గనక? కాకపోతే మన ప్రాజెక్టు పడిపోతే మేనేజరు కేకలేస్తాడు, అది పడిపోతే ఒక ప్రెసిడెంటు పరువు పోయింది.

వెబ్‌సైటును రెండు నెలల్లో బాగుచేశారు. బాగుచెయ్యలేనిది ఇంకొకటి ఉంది. ‘మీ ప్లాను మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు’ అని ఆయన ఊరూరా చెప్పాడు. ఆ అక్టోబరులోనే నా ప్లాను రద్దవుతోందని ఉత్తరం వచ్చింది, నాలాగే లక్షల మందికి వచ్చింది. నవంబరులో ఆయన టీవీలో క్షమాపణ చెప్పుకున్నాడు. చెప్పడం మంచిదే. కానీ ఆయన మాట నమ్మి నేను లెక్క తప్పానని అనుకున్నది అదే మొదలు.

మరి ఫలితం? 2014 జనవరి నుంచి మా నలుగురిదీ ఒకే ప్లాను. మా ఆవిడ జబ్బు గురించి ఫారంలో ప్రశ్నే లేదు. నా ఖర్చు పెరిగింది. సబ్సిడీ గీతకి కొంచెం పైన ఉన్నవాళ్ళం, మొత్తం మేమే కట్టుకోవాలి. ఈ ఏడాది ప్రీమియంలు సగటున 20 శాతానికి పైగా పెరిగాయి, మా రాష్ట్రంలో చాలా కౌంటీలకి ఒకే ఒక్క కంపెనీ మిగిలింది. ఒకే కొట్టున్న ఊళ్ళో బేరమాడడం ఎలా ఉంటుందో తెలిసిందే కదా. ఇంకోపక్క, 2010లో నూటికి 16 మందికి బీమా లేదు, ఇప్పుడు 9 మందికి లేదు. రెండు కోట్ల మంది కొత్తగా లోపలికొచ్చారు. వాళ్ళలో మా ఆవిడ లాంటివాళ్ళూ ఉన్నారు, నాలాగా ఎక్కువ కట్టి గొణుక్కునేవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు.

మొన్న గురువారం సెనేటు, శుక్రవారం దిగువ సభ, ఈ చట్టాన్ని తీసెయ్యడానికి మొదటి అడుగు వేశాయి. ఆరేళ్ళుగా యాభైసార్లకి పైగా ఓట్లేశారు గానీ అప్పుడు వీటో ఉందని అందరికీ తెలుసు. ఇప్పుడు నిజంగా తీసెయ్యొచ్చు. నా అంచనా, తొందరగా కాదు. రెండు కోట్ల మంది చేతిలో కార్డులున్నాయి. రిజిస్టరైన భూమిలో ఇల్లు కట్టుకుని కాపురముంటున్నవాణ్ణి ఖాళీ చేయించడం ఎంత కష్టమో, ఎన్నికల్లో మాటిచ్చినవాళ్ళకి ఈ వేసవికల్లా తెలిసొస్తుంది. నా మాట తప్పితే అప్పుడు తిట్టండి.

రెండో కట్ట ఇప్పుడు విప్పాలి. సాదా కాగితాలవి.

2010 నవంబరులో ఆయన పార్టీ దిగువ సభలో 63 సీట్లు పోగొట్టుకుంది. మా రాష్ట్రంలోనైతే శాసనసభ రెండు సభలూ నూరేళ్ళలో ఎన్నడూ లేనట్టు రిపబ్లికన్ల చేతికెళ్ళాయి. సరిగ్గా నియోజకవర్గాల గీతలు గీసే ఏడాదికి ముందు. ఎనిమిదేళ్ళలో దేశమంతటా రాష్ట్ర సభల్లో డెమోక్రాట్లు 900కి పైగా సీట్లు పోగొట్టుకున్నారు. ఆయన మీద టీవీలో ఎవరూ అడగని ప్రశ్న ఇదే: సొంత ఇల్లు వెలిగించుకుంటూ ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోతుంటే చూడలేదా?

దిగువ సభ పోయాక చట్టాలు రావడం ఆగిపోయింది. ఒబామాకి రెండోసారి దక్కకుండా చెయ్యడమే తమ మొదటి పని అని సెనేటులో రిపబ్లికన్ల నాయకుడు మెక్‌కానెల్ బాహాటంగా చెప్పాడు. 2013 జూన్‌లో ఇమిగ్రేషన్ బిల్లు సెనేటులో 68-32తో, రెండు పార్టీల ఓట్లతో, నెగ్గింది. మనవాళ్ళ గ్రీన్‌కార్డు క్యూలకి అందులో మందు ఉంది. దిగువ సభ దాన్ని ఓటుకే తీసుకోలేదు. పోయిన మార్చిలో జడ్జి గార్లండ్‌ను సుప్రీంకోర్టుకి ప్రతిపాదిస్తే సెనేటు విచారణ కూడా జరపలేదు. తప్పంతా ఈయనదంటే పాపం తగులుతుంది. కానీ అవతలివాళ్ళని ఇంటికి పిలిచి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి, కాఫీలు పోసి, కోపాలు దిగమింగి సంతకాలు పెట్టించుకునే పని ఈయనకి ఇష్టం లేదు. లేఖరి కొడుకుని గనక నాకు తెలుసు, దస్తావేజులో కష్టమైన భాగం రాత కాదు. అలిగిన అన్నదమ్ముణ్ణి ఆఫీసు దాకా తీసుకురావడం.

2014లో ‘నా దగ్గర పెన్నుంది, ఫోనుంది’ అన్నాడు. అంటే ఆర్డర్లతో నడిపిస్తానని. చిన్నప్పుడు తల్లిదండ్రుల వెంట కాగితాల్లేకుండా వచ్చినవాళ్ళకి 2012లో ఇచ్చిన డాకా అలాంటిదే. 7 లక్షల మందికి పైగా దాని మీద చదువులు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అది చట్టం కాదు, శాఖాపరమైన ఒక మెమో. వాళ్ళ తల్లిదండ్రుల కోసం 2014లో తెచ్చిన రెండోది కోర్టులో చిక్కుకుని, పోయిన జూన్‌లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో అక్కడే పడిపోయింది. కరెంటు ప్లాంట్ల పొగ మీద తెచ్చిన నిబంధన కోర్టు స్టేలో ఉంది. ఇరాన్‌తో 2015 అణు ఒప్పందం, పారిస్ వాతావరణ ఒప్పందం, రెండూ సెనేటు ఆమోదం పొందిన సంధిపత్రాలు కావు. క్యూబాతో రాకపోకలు చాలావరకు అంతే. వీటిలో చాలా పనులు నాకు నచ్చినవే. నచ్చడం వేరు, నిలబడడం వేరు. వచ్చే శుక్రవారం గట్టు మీదికొచ్చి ‘ఏదీ పట్టా?’ అనబోయేవాడు ఎవరో తెలిసిందే, ట్రంప్.

మన సంగతికొద్దాం. మీరు డల్లాస్‌లో ఉన్నా బే ఏరియాలో ఉన్నా ఈ భాగం కోసమే ఎదురుచూస్తుంటారు.

2009 మేలో ఆయన పన్నుల మీద మాట్లాడుతూ, బఫెలోలో ఉద్యోగం సృష్టించినవాడి కంటే బెంగళూరులో సృష్టించినవాడికి తక్కువ పన్ను పడే పద్ధతి మారాలన్నాడు. ఆ ఒక్క వాక్యం మీద మన పత్రికలు నెలరోజులు బతికాయి. 2010లో, ఉద్యోగుల్లో సగానికి పైగా వీసాల మీదున్న కంపెనీలకి ఒక్కో హెచ్-1బీ మీద అదనంగా 2,000 డాలర్లు వేశారు, 2015లో అది 4,000 అయింది. దెబ్బ తగిలింది మన కంపెనీలకే. అదే ఒబామా మన్మోహన్‌సింగ్‌కి తన మొదటి స్టేట్ డిన్నరు ఇచ్చాడు, పదవిలో ఉండగా రెండుసార్లు ఇండియా వెళ్ళిన మొదటి అమెరికా అధ్యక్షుడయ్యాడు, 2015 రిపబ్లిక్ డే నాడు రాజ్‌పథ్‌లో కూర్చున్నాడు. వైట్‌హౌస్‌లో దీపావళి దీపం తన చేత్తో వెలిగించాడు. ఫోటోలు బాగున్నాయి. వాటితో క్యూ కదల్లేదు. ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి అలాగే ఉంది, ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు వరసలో మనవాళ్ళ తేదీ ఇంకా 2008లోనే నిలబడి ఉంది.

నిజంగా మనవాళ్ళ ఇళ్ళల్లోకి వచ్చింది ఒకటుంది. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు వరసలో ఒక మెట్టు దాటినవాళ్ళ భార్యలకో భర్తలకో, అంటే హెచ్-4 మీదున్నవాళ్ళకి, పని చేసుకునే అనుమతి. మా మరదలు, మా తమ్ముడి భార్య, హైదరాబాదులో అయిదేళ్ళు టెస్టింగ్ లీడ్‌గా చేసి పెళ్ళయి ఇక్కడికొచ్చింది. ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అంటే తిట్టేస్తుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది, గుళ్ళో తెలుగు బడి నడిపింది, సొంతంగా నాలుగు కోర్సులు చేసింది. కానీ డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి డెబిట్ కార్డు దాకా అన్నీ మొగుడి వీసా తోకన. 2015 ఆగస్టులో ఆ ప్లాస్టిక్ కార్డు పోస్టులో వచ్చిన రోజు దాన్ని దేవుడి గదిలో పెట్టి బొట్టు పెట్టింది. నవ్వాను. తర్వాత నవ్వలేదు, అక్టోబరులో మొదటి జీతం రాగానే సూర్యాపేటకి, వాళ్ళమ్మకి, తన పేరున డబ్బు పంపింది. ఆరేళ్ళలో మొదటిసారి.

అదీ నిబంధనే, చట్టం కాదు. డాకా మెమో కంటే ఒక మెట్టు గట్టిది, ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు విని, పద్ధతి ప్రకారం చేసింది కాబట్టి దాన్ని తీసెయ్యాలన్నా అదే తతంగం జరగాలి. అలాంటి కాగితాన్ని మా నాన్న ‘నోటరీ ముద్ర ఉంది, రిజిస్ట్రేషన్ లేదు’ అనేవాడు. దాని మీద వేసిన కేసును పోయిన సెప్టెంబరులో కింది కోర్టు కొట్టేసింది, అప్పీలు నడుస్తోంది. కొత్త అటార్నీ జనరల్‌గా ట్రంప్ ఎంచుకున్న సెషన్స్ సెనేటర్‌గా హెచ్-1బీల మీద ఏమనేవాడో మనకి తెలుసు. ఇంకోటి, ఇదే ఒబామా పాలనలో దేశం నుంచి పంపించేసినవాళ్ళ సంఖ్య పాతిక లక్షలు దాటింది. మన దీపావళి ఫోటోల్లో వాళ్ళు కనబడరు.

విదేశాల గురించి నేను తక్కువ చెబుతాను, అక్కడ నాకున్నది పేపరు జ్ఞానమే. బిన్ లాడెన్‌ను చంపిన రాత్రి మా వీధిలో కార్ల హారన్లు మోగాయి. ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కి తెచ్చాడు, 2014లో మోసుల్ పడిపోయాక మళ్ళీ పంపాల్సి వచ్చింది. లిబియాలో గడాఫీ పోయాక ఏం చెయ్యాలో ముందే ఆలోచించకపోవడం తన అతిపెద్ద తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. సిరియాలో రసాయన ఆయుధాల మీద ఎర్ర గీత గీసి, అవతలివాళ్ళు దాటాక దాడికి దిగకుండా ఊరుకున్నాడు. గ్వాంటనామో మూసెయ్యమని వచ్చిన మూడో రోజే ఆర్డరు వేశాడు, ఇవాళ్టికీ అక్కడ మనుషులున్నారు. డ్రోన్ల మీద ఆయన ప్రభుత్వమే పోయిన జులైలో లెక్క చెప్పింది: యుద్ధరంగాల బయట 2015 చివరి దాకా 473 దాడులు, పోయిన అమాయకులు 64 నుంచి 116 మంది. బయటి సంస్థలు అంతకంటే చాలా ఎక్కువ చెబుతున్నాయి. శాంతి బహుమతి అందుకున్న చెయ్యి ఆ జాబితాలు ఆమోదించిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైగా ఎవరిని చంపాలో ఒక మనిషి గదిలో కూర్చుని నిర్ణయించే ఆ పద్ధతి కూడా అలాగే చెక్కుచెదరకుండా వచ్చేవాడి చేతికెళ్తుంది.

మనిషి గురించి ఒక్క మాట. ఎనిమిదేళ్ళలో ఇంటి మీద మచ్చ లేదు. ప్రెసిడెంటంతటివాణ్ణి పుట్టిన పత్రం చూపించమన్నారు, 2011 ఏప్రిల్‌లో చూపించాడు. నాన్న ఆ వార్త విని ఎంత నవ్వాడో, ‘అక్కడ కూడా కుల ధ్రువీకరణ పత్రం అడుగుతారన్నమాట’ అని. చార్ల్‌స్టన్ మా ఇంటికి నాలుగున్నర గంటల దారి. 2015 జూన్‌లో అక్కడ చర్చిలో ప్రార్థనకి కూర్చున్న తొమ్మిదిమందిని ఒక కుర్రాడు కాల్చేశాడు. సంతాప సభలో ఒబామా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, చాలాసేపు ఆగి, పాట ఎత్తుకున్నాడు. అప్పుడు నేను కారులో ఉన్నాను, పక్కకి తీసి ఆపుకోవాల్సి వచ్చింది. మా వాడు మూడో తరగతిలో ఉండగా టీచరు వాడి పేరు పలకలేక ముద్దుపేరు ఒకటి పెట్టబోతే, ‘బరాక్ హుసేన్ ఒబామా అని పలుకుతున్నారు కదా, నాదీ పలకండి’ అన్నాడట. ఇది ఏ చట్టంలోనూ లేదు, ఏ ఆర్డరూ రద్దు చెయ్యలేదు. నా పద్ధతిలో దీన్ని ఏ కట్టలో పెట్టాలో నాకు తోచలేదు.

పోయిన మంగళవారం షికాగోలో ఆయన వీడ్కోలు ప్రసంగం ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మా తమ్ముడు, మరదలు కూడా వచ్చారు. ప్రసంగం అయ్యాక టీవీ కట్టేసి, తను అసలు సంగతి అడిగింది. కార్డు గడువు ఈ ఆగస్టుతో అయిపోతుంది. ఇద్దరి జీతాలూ చూపించి మోరిస్‌విల్‌లో ఒక ఇల్లు మాట్లాడుకున్నారు, ఈ నెలాఖరుకి బయానా ఇవ్వాలి. ఇవ్వమంటారా బావగారూ అంది. రెన్యూవల్‌కి కిటికీ తెరిచిన రోజునే దరఖాస్తు పడెయ్యమన్నాను. ఇల్లు కొనుక్కోండి గానీ, వాయిదా మాత్రం ఒక్క జీతం మీదే లెక్కేసుకోమన్నాను.